కొత్తగా కట్టిన ఇంజిన్ కింద ఆయిల్ మరక: ఎంజీఏ మీద నేర్చుకున్న పద్ధతి

మొదట ఇడ్లీ అంత ఉండేది మరక. రెండో వారానికి అట్టు అంత అయింది. కారు కింద పరిచిన అట్టపెట్టె ముక్కని రోజూ పొద్దున్నే టార్చి వేసి చూడటం నాకు కాఫీ కన్నా ముందు పని అయిపోయింది.

కారు 1957 నాటి ఎంజీఏ, పాత ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారు. మా బాబాయి ఎప్పుడో కొని, విశాఖ వాల్తేరు అప్‌లాండ్స్‌లోని ఇంటి షెడ్డులో ఏళ్ల తరబడి వదిలేసింది. సముద్రపు గాలికి తుప్పు పట్టగలిగినవన్నీ పట్టాయి. గాజువాక ఆటోనగర్‌లో బోరింగ్, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి, ఇంజిన్ మొత్తం కొత్తగా కట్టాం. స్టార్ట్ చేస్తే గడియారంలా నడిచింది. కింద మాత్రం కారుతూనే ఉంది. వెనక సీలు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) పోయిందని ఒకరు అంటే ఇంజిన్ దించి మళ్లీ ఎక్కించాను. అయినా కారింది. రెండోసారి దించడానికి చైన్‌ పుల్లీ అద్దెకు తెస్తుంటే, జీవితమంతా అంబాసిడర్లు విప్పిన మా మేస్త్రీ గారు అడ్డం పడ్డారు. "ఏటి బాబూ, మళ్లీ దించేత్తావా? ముందు ఎక్కడ కారతందో సూడు. అది ఎనక కారట్లేదు, ఎనక్కి వత్తంది."

ఆ తేడా అర్థమవడానికి నాకు నెల పట్టింది. మీకు అంత పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ఒక మంచి విషయం ముందే చెప్పాలి. ఎంజీఏ 1955 నుంచి 1962 దాకా తయారైంది. 1959 దాకా అందులో వేసింది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి సిరీస్ 1489 సీసీ ఇంజిన్. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ కూడా ఆ కుటుంబమే. కాబట్టి విశాఖలో పాత అంబాసిడర్ మేస్త్రీ దొరికితే ఎంజీఏ డాక్టరు దొరికినట్టే. ప్యాకింగులు (భాగాల మధ్య సందు మూసే పొరలు) కొన్ని కూడా సరిపోతాయి, కాకపోతే పాతదాని మీద పెట్టి చూసుకోకుండా కొనకండి. మీది దీని తర్వాత వచ్చిన ఎంజీబీ అయినా, ఇంకో పాత ఇంగ్లిష్ కారైనా పద్ధతి మారదు, భాగాల చోట్లే కాస్త మారతాయి.

మొదటి పని: కడగడం

మురికి ఇంజిన్ మీద లీకు వెతకడం, హోలీ నాడు చొక్కా మీద సిరా మరక వెతకడం లాంటిది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిస్ట్రిబ్యూటర్‌కి, కార్బురేటర్ నోళ్లకి ప్లాస్టిక్ కవర్లు కట్టండి. డీజిల్, బ్రష్షు పెట్టి పై నుంచి కింద దాకా రుద్దండి. తర్వాత సబ్బు నీళ్లు, ఆ తర్వాత గాలి. ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచు పై భాగం, గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే గంట ఆకారపు గూడు) అడుగు, ఇంజిన్ ముందు ప్లేటు వెనక సందు, ఈ మూడు చోట్లా పాత ఆయిల్ దాక్కుంటుంది. అక్కడ మిగిలిన పాత ఆయిల్ వేడికి కరిగి కారితే దాన్నే కొత్త లీకు అనుకుంటారు. నేను అనుకున్నాను.

కారు కిందికి దూరేముందు స్టాండ్లు పెట్టండి. ఒక్క జాకీని నమ్ముకుని ఎవరూ కింద పడుకోవద్దు.

కారేది ఇంజిన్ ఆయిలేనా అన్నది కూడా తేల్చుకోవాలి. చాలా కార్లలో గేర్ ఆయిల్‌కి గంధకం లాంటి ఘాటు వాసన ఉంటుంది, ముక్కుతోనే తెలిసిపోతుంది. ఎంజీఏకి ఆ సుఖం లేదు. దీని గేర్‌బాక్స్‌లో కూడా ఇంజిన్ ఆయిలే పోస్తారు. బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో వేలాడే ఒక స్ప్లిట్ పిన్ను ఉంటాయి. క్రాంక్ వెనక నుంచి కారినా, గేర్‌బాక్స్ ముందు నుంచి కారినా ఆ పిన్ను మీదుగానే బొట్టు పడుతుంది. రెండింటినీ వేరు చేసే దారి కింద చెప్తాను.

రెండో పని: లోపలి గాలి సంగతి

ఇది అందరూ వదిలేసే మెట్టు. నా లీకులో సగం ఇక్కడే ఉంది.

పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా కొంత గ్యాస్ కిందికి జారుతుంది. కొత్తగా బోరు చేసిన ఇంజిన్‌లో రింగులు కుదురుకునేదాకా ఇంకాస్త ఎక్కువే జారుతుంది. ఆ గాలి బయటికి పోవడానికి ఈ ఇంజిన్‌కి రెండు దారులు పెట్టారు. రాకర్ కవర్ (ఇంజిన్ పైమూత) నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్లే గొట్టం ఒకటి, ముందు సైడ్ కవర్ (ఇంజిన్ పక్కన ఉండే రేకు మూత) నుంచి కిందికి దిగే గొట్టం ఇంకొకటి. వీటిలో ఏది మూసుకుపోయినా లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సందు దొరికితే అక్కడ ఆయిల్‌ని బయటికి తోస్తుంది. అప్పుడు మీరు ఎన్ని ప్యాకింగులు మార్చినా ఒకచోట ఆగి ఇంకోచోట మొదలవుతుంది.

పరీక్షకి ఖరీదైన గేజి అక్కర్లేదు. ఇల్లు కట్టే మేస్త్రీలు మట్టం చూడటానికి వాడే పారదర్శకమైన లెవల్ పైపు ఒక రెండు మీటర్లు తెచ్చుకోండి. దాన్ని ఇంగ్లిష్ యూ అక్షరంలా ఒక చెక్కకి కట్టి, సగం దాకా నీళ్లు పోయండి. నీళ్లలో చిటికెడు పసుపు కలిపితే మట్టం బాగా కనబడుతుంది. ఒక కొసని డిప్‌స్టిక్ రంధ్రంలో గాలి చొరకుండా బిగించండి, రెండో కొస వదిలేయండి. చెక్క ఇంజిన్ కన్నా కిందే ఉండాలి, నీళ్లు లోపలికి పోకూడదు. ఇంజిన్ వేడెక్కాక చూడండి. రెండు వైపులా నీళ్లు దాదాపు సమానంగా ఉన్నా, ఇంజిన్ వైపు కొంచెం లాగినా మంచిదే. రేస్ ఇచ్చినప్పుడల్లా బయటి వైపు నీళ్లు అంగుళం, అంతకు పైన లేస్తుంటే మాత్రం స్పానర్ పక్కన పెట్టి ముందు గొట్టాలు చూడండి.

నా కారులో నీళ్లు పైపులోంచి చిమ్మి నా చొక్కా మీద పడ్డాయి. సైడ్ కవర్ గొట్టం విప్పి తీగ దూర్చితే ఏదో మెత్తగా తగిలింది. లాగితే జానెడు వేస్టు గుడ్డ వచ్చింది, ఆకుపచ్చ పెయింటు అంటుకుని. పెయింటింగ్‌కి ఇచ్చినప్పుడు లోపలికి రంగు పోకుండా ఎవరో జాగ్రత్తపరుడు కుక్కాడు, తీయడం మరిచిపోయాడు. ఆ జాగ్రత్త ఖరీదు ఒక ఇంజిన్ దించుడు.

గొట్టాలు శుభ్రంగా ఉన్నా నీళ్లు లేస్తున్నాయంటే రింగులు ఇంకా కుదరలేదని అర్థం. ఊరికే ఐడిల్‌లో పెట్టి గంటలు గంటలు నడపకండి, బోరు గోడలు నునుపెక్కి రింగులు ఎప్పటికీ కుదరవు. మన ఊళ్లో దీనికి సింహాచలం ఘాట్ ఉంది. ఇంజిన్‌ని మరీ కష్టపెట్టకుండా, లోడు మారుస్తూ ఎక్కండి, దిగేటప్పుడు గేర్‌లోనే వదిలి దిగండి. ఒక 800, 1000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కొలవండి.

ఈ మెట్టులోనే ఆయిల్ మట్టం కూడా చూసుకోండి. ఇంకో ఇంజిన్ డిప్‌స్టిక్ తెచ్చి పెట్టుకున్న వాళ్లు తెలియకుండానే ఎక్కువ పోస్తారు. అనుమానం ఉంటే మొత్తం దించి, కొలిచి పోసి, డిప్‌స్టిక్ మీద మీరే కొత్త గీత గీసుకోండి.

మూడో పని: చోటు పట్టుకోవడం

కడిగి ఆరిన ఇంజిన్ మీద ముఖానికి రాసుకునే టాల్కం పౌడర్ చల్లండి. పది నిమిషాలు నడిపి ఆపితే ఆయిల్ వచ్చిన దారి తెల్లటి పౌడర్ మీద ముదురు గీతలా కనబడుతుంది. ఆ గీత పై కొస ఎక్కడుందో అదే లీకు, కింది కొసతో మనకి పని లేదు. మా షెడ్డులో కుర్రాడు ముగ్గుపిండి తెస్తానన్నాడు. వద్దు. అందులో రాతిపొడి ఉంటుంది, బెల్టుల్లోకి, బుష్షుల్లోకి పోతే కొత్త తలనొప్పి.

కారు కదిలితే తప్ప కారని లీకులకి పౌడర్ చాలదు. గాలి వేగానికి ఆయిల్ వెనక్కి పాకుతుంది. అప్పుడు ఇంజిన్ ఆయిల్‌లో కలిపే మెరిసే రంగు వాడండి. ఏసీ గ్యాస్ లీకుల కోసం అమ్మేది కాదు, ఇంజిన్ ఆయిల్‌కి పనికొస్తుందని సీసా మీద రాసి ఉండాలి. ఇంజిన్‌లో మాత్రమే కలపండి, గేర్‌బాక్స్‌లో వద్దు. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లి వచ్చి, చీకట్లో నకిలీ నోట్లు చూసే నీలి లైటు వేయండి. స్ప్లిట్ పిన్ను దగ్గర బొట్టు మెరిస్తే అది ఇంజిన్‌ది. మెరవకపోతే గేర్‌బాక్స్‌ది.

ఆ రాత్రి నా ఇంజిన్ ఎడమ పక్కన, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టాల గుత్తి) కింద, వెనక సైడ్ కవర్ మూల నుంచి మొదలైన పసుపుపచ్చ గీత బ్లాక్ మీదుగా దిగి, ఛాంబర్ అంచు పట్టుకుని వెనక్కి పోయి, బెల్ హౌసింగ్ మీద చేరి, అక్కడి నుంచి బొట్టు బొట్టుగా పడుతోంది. మేస్త్రీ గారు ఏమీ అనలేదు. బీడీ వెలిగించుకున్నారు, అంతే.

నాలుగో పని: పై నుంచి కిందికి ఒక్కొక్కటే

ఒకేసారి రెండు బాగు చేయకండి. ఏది పనిచేసిందో తెలియదు. పైది సరిచేసి, కడిగి, మళ్లీ పౌడర్ వేసి, అప్పుడు కిందిది.

రాకర్ కవర్ సులువు. మన షెడ్డుల్లో దీన్నే ట్యాపెట్ కవర్ అంటారు. కార్క్ ప్యాకింగ్‌ని కవర్‌కి మాత్రమే రబ్బరు జిగురుతో అంటించి, బోర్లించి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. హెడ్డు వైపు జిగురు వద్దు, కాస్త గ్రీజు చాలు. అప్పుడు ట్యాపెట్లు సెట్ చేసినప్పుడల్లా ప్యాకింగ్ చిరగదు. రెండు నట్ల కింద ఉండే రబ్బరు బుష్షులు గట్టిపడితే ఎంత బిగించినా కారుతుంది, అవి మార్చండి. కార్క్ పాత స్టాకై కుదించుకుపోయి ఉంటే వేడినీళ్లలో కాసేపు నానబెట్టండి, మళ్లీ కొలతకి వస్తుంది. కవర్ లోపల పెరుగులా తెల్లటి జిడ్డు కనబడితే కంగారు పడకండి. మన ఊరి తేమకి, కూరగాయల దుకాణం దాకా మాత్రమే కారు తీసే అలవాటుకి పుట్టే జిడ్డు అది. ఒక గంట దూరం నడిపితే పోతుంది. పోకపోతే అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించండి.

సైడ్ కవర్లు రెండు. అసలు దొంగలు ఇవే. ఒక్కో రేకు కవర్‌కి నడిమధ్య ఒకే ఒక్క బోల్టు. కారుతోందని ఎవరైనా ఆ బోల్టు బిగిస్తారు, రేకు మధ్యలో లోపలికి వంగుతుంది, మూలలు పైకి లేస్తాయి, ఇంకా కారుతుంది, ఇంకా బిగిస్తారు. దీని బిగింపు కేవలం 2 ఫుట్ పౌండ్లు, అంటే దాదాపు 2.7 న్యూటన్ మీటర్లు. చేత్తో తిప్పాక రెంచితో ఒక చిన్న మలుపు, అంతకు మించదు. పైగా వెనక కవర్ మానిఫోల్డ్ వేడికి దగ్గర కాబట్టి కార్క్ అప్పడంలా ఎండిపోతుంది.

ఇలా చేయండి. కార్బురేటర్లు, మానిఫోల్డ్ విప్పాలి, దానికి అడ్డదారి లేదు. కవర్ తీసి మందపాటి గాజు పలక మీద బోర్లించండి. మూల ఎక్కడైనా ఊగిందా? సన్న సుత్తి, చెక్క దిమ్మ పెట్టి అంచుని కొట్టి చదును చేయండి. నా కవర్ మూలలు రెండు మిల్లీమీటర్ల దాకా లేచి ఉన్నాయి. బ్లాక్ వైపు పాత కార్క్ గీరేటప్పుడు రంధ్రంలో గుడ్డ పెట్టండి, పని అయ్యాక ఆ గుడ్డ తీయండి. (ఈ మాట నేను ఊరికే రాయడం లేదు.) కొత్త ప్యాకింగ్ కవర్‌కి అంటించి, బోల్టు కింద కొత్త సీలు వాషర్ వేయండి. పాత వాషర్ పక్క నుంచే చాలామందికి సగం ఆయిల్ వస్తుంది.

కుడి వైపు పని తొందరగా అవుతుంది. ఆయిల్ ఫిల్టర్ గిన్నె పై గాడిలో పాత రబ్బరు రింగు ఉండిపోయి, దాని మీదే కొత్తది వేస్తారు. సూదితో గుచ్చి చూడండి, ఒకటి కింద ఇంకొకటి ఉంటే రెండూ తీసి ఒక్కటే వేయండి. ఆయిల్ గొట్టాల బోల్టుల దగ్గర ఉన్న రాగి వాషర్లని గ్యాస్ స్టవ్ మీద ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడతాయి, మళ్లీ వాడొచ్చు. ప్రెషర్ గేజికి వెళ్లే సన్న గొట్టం, డిస్ట్రిబ్యూటర్ అడుగు కూడా ఒకసారి చూడండి.

ముందు వైపు టైమింగ్ కవర్, అంటే టైమింగ్ చైను మీది మూత. పుల్లీ వెనక ఆయిల్ చుట్టూ చిమ్మి ఉంటే ఇక్కడే. పాత కవర్లో ఫెల్టు సీలు, తర్వాతి వాటిలో రబ్బరు సీలు. కవర్ బోల్టులు వదులుగా పెట్టి, పుల్లీ ఎక్కించి, సీలు పుల్లీకి మధ్యలో కుదిరాకే బోల్టులు బిగించాలి. ముందే బిగించి తర్వాత పుల్లీ తోస్తే సీలు ఒక పక్కకి నలిగి, నెలలోనే కారుతుంది. లోపలి ఆయిల్ త్రోయర్ (ఆయిల్‌ని సీలు మీద పడకుండా విసిరే) రేకు మీద ఎఫ్ అక్షరం ఉంటే అది ముందుకి, అంటే రేడియేటర్ వైపు ఉండాలి. పుల్లీ మెడ మీద గోరు తగిలేంత గాడి పడితే కొత్త సీలు కూడా ఆపలేదు, దాని మీద సన్నటి స్టీలు స్లీవ్ ఎక్కించండి.

ఛాంబర్ ప్యాకింగ్ దగ్గర మూడు విషయాలు. అంచు మీద బోల్టు రంధ్రాల చుట్టూ గుంటలు పడి ఉంటాయి, ఇనుప దిమ్మ మీద పెట్టి వెనక నుంచి కొట్టి చదును చేయండి. ముందు, వెనక బేరింగ్ క్యాప్‌ల గాడుల్లో పెట్టే కార్క్ ముక్కలు అంచు కన్నా ఒక మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర పైకి ఉండాలి. బాగుంటుందని సమంగా కోస్తే నలగడానికి ఏమీ మిగలదు. బిగింపు 6 ఫుట్ పౌండ్లు, దాదాపు 8 న్యూటన్ మీటర్లు, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా.

సిలికాన్ ట్యూబు గురించి ఇక్కడే చెప్తాను. కార్క్ ముక్కలు కలిసే నాలుగు మూలల్లో కందిగింజంత పెట్టండి, చాలు. అంచంతా పాములా పిండితే బయటికి ఎంత వస్తుందో లోపలికీ అంతే వస్తుంది. లోపలిది ఊడి ఆయిల్ పంపు జాలీలో చేరుతుంది. అప్పుడు లీకు ఆగుతుంది, ఆయిల్ ప్రెషర్ కూడా ఆగుతుంది.

ఐదో పని: వెనక వైపు, నిజంగా అవసరమైతేనే

పై అన్నీ పొడిగా ఉండి, బెల్ హౌసింగ్ పిన్ను దగ్గర రంగు ఇంకా మెరుస్తుంటే అప్పుడు చైన్ పుల్లీ తెచ్చుకోండి.

ఈ 1489 ఇంజిన్ క్రాంక్ వెనక అసలు సీలే లేదు. ఇది తెలియక "సీలు మార్చాం" అని బిల్లు వేసేవాళ్లు కూడా ఉన్నారు. క్రాంక్ మీద మర లాంటి గాడి కోసి ఉంటుంది. తిరిగేటప్పుడు ఆ మర ఆయిల్‌ని తిరిగి లోపలికే తోడుతుంది. ఆ గాడికీ దాని చుట్టూ ఉన్న ఇనుముకీ మధ్య సందు అంగుళంలో వెయ్యోవంతులు కొన్ని మాత్రమే. ఇంజిన్ ఆగితే తోడటం కూడా ఆగుతుంది, కాబట్టి ఆపిన తర్వాత రెండు మూడు చుక్కలు పడటం దాని స్వభావం. ఇంజిన్‌లోకి గాలి కొట్టి సబ్బు నురగతో లీకు వెతికే పద్ధతి ఇక్కడ పనికిరాదు కూడా, బాగున్న ఇంజిన్‌లో కూడా అక్కడ గాలి బుస్సుమంటుంది.

నడుస్తుండగా ధారగా వస్తే మాత్రం కారణం ఉంది. ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్న రేకులతో) మర చుట్టూ నాలుగు వైపులా సందు కొలవండి. పైన ఎక్కువ, కింద దాదాపు తగులుతూ ఉంటే క్రాంక్ మధ్యలో కూర్చోలేదు. లైన్ బోరింగ్ తేడాగా జరిగినా, బేరింగ్ క్యాప్‌ని ఎవరైనా ఆకురాయితో అరగదీసినా ఇలా అవుతుంది. అరగదీసిన క్యాప్‌కి ప్యాకింగ్ మందు లేదు, మంచి మెషిన్ షాపుకి వెళ్లాల్సిందే. సందు సమంగా ఉంటే వెనక క్యాప్ బ్లాక్‌ని తాకే ముఖాలు శుభ్రంగా తుడిచి, గట్టిపడని జాయింటు మందు పలచగా రాసి బిగించండి. ఆయిల్ తిరిగి ఛాంబర్‌లోకి దిగే దారి తెరిచి ఉందో చూడండి. వెనక ప్లేటు ప్యాకింగ్ కూడా అప్పుడే మార్చండి, క్యామ్‌షాఫ్ట్ వెనక కొస నుంచి వచ్చే ఆయిల్‌ని ఆపేది అదే. మరని తీసి రబ్బరు సీలు పెట్టే కిట్లు విదేశాల్లో దొరుకుతాయి. ఇంజిన్ ఎలాగూ ముక్కలై ఉన్నప్పుడు ఆలోచించండి, దానికోసమే విప్పడం నాకైతే నచ్చదు.

ఇంకో మాట. మా వీధి వాలు. కారు మూతి పైకి పెట్టి ఆపినన్నాళ్లూ ఛాంబర్‌లో ఆయిల్ వెనక్కి చేరేది. తిప్పి పెట్టడం మొదలుపెట్టాక రాత్రి చుక్కలు సగానికి తగ్గాయి. దీనికి ఏ స్పానరూ పట్టలేదు.

ఇప్పుడు అట్ట మీద రాత్రికి మూడు చుక్కలు. నీళ్ల లెక్కలో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, ఆ లెక్కన ఏడాదికి 55 మిల్లీలీటర్లు, అరకప్పు టీ కూడా కాదు. ఆ మూడు చుక్కలు కూడా ఆపుదామా అని మేస్త్రీ గారిని అడిగాను. ఆయన తన అంబాసిడర్ కింద పెట్టిన పాత పళ్లెం చూపించి, "ఇది ఎండిపోతే నాకు బెంగ. ఇంజన్లో ఆయిల్ అయిపోయిందని" అన్నారు.